తిరుపతి–డల్లాస్: దూరం చూపే సైట్లలో ఏ అంకె నమ్మాలి, ఏది వదిలేయాలి

అమెరికా టికెట్ కొనే ముందు చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఒకటే. ఫోన్లో ‘తిరుపతి టు డల్లాస్ దూరం’ అని కొడతారు. దూరం లెక్కగట్టే సైట్లు వరసగా వస్తాయి. ఏది తెరిచినా ఇంచుమించు ఒకే మాట: 14,830 కిలోమీటర్లు, విమానంలో సుమారు 18 గంటలు. మొదటి అంకె సరైనదే. రెండోదాన్ని నమ్మి సెలవు లెక్క వేసుకున్నా, హైదరాబాద్‌లో వేరే టికెట్ తగిలించుకున్నా, ఊళ్లో దిగే రోజుకే మూడొందల దర్శనం స్లాట్ తీసుకున్నా దెబ్బ తింటారు. తిరుపతి నుంచో, చిత్తూరు నుంచో పెట్టె సర్దుకుని బయల్దేరే మనిషికి ఈ సైట్లు ఎంత వరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష.

దూరం విషయంలో వీటికి మంచి మార్కులే వేయాలి. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లని పెట్టుకుని, గోళం మీద అతి దగ్గరి దారి ఎంతో కడతాయి, అంతే. తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయం 13.63 డిగ్రీల ఉత్తరం, 79.54 డిగ్రీల తూర్పు. డల్లాస్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పడమర. ఈ నాలుగు అంకెలతో ఎవరు కట్టినా 14,830కి అటూ ఇటూగా వస్తుంది. భూమి నిండు గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. ఆ నొక్కును కూడా లెక్కలోకి తీసుకునే సైట్లలో పది పదిహేను కిలోమీటర్లు తేడా వస్తుంది. విమానానికి అది ఒక్క నిమిషం పని, పట్టించుకోనక్కర్లేదు.

ఈ గీత ఎటు పోతుందో తెలియాలంటే గోడ మీది మ్యాపు చూడకండి. పిల్లల గ్లోబు తీసుకుని తిరుపతి మీద దారం కొసను బొటనవేలితో నొక్కి పట్టి, రెండో కొసను డల్లాస్ దాకా బిగుతుగా లాగండి. దారం అరేబియా సముద్రం వైపు వాలదు. నిటారుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీకి కాస్త తూర్పుగా పోయి, హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 430 కిలోమీటర్ల దూరంలోంచి వంగి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాలకూ మధ్య 176.6 డిగ్రీలు. అంటే ఇంచుమించు భూమికి అవతలి వైపు. అందుకే దగ్గరి దారి నడినెత్తి మీదుగా పోతుంది.

ఆ గీత మీద మాత్రం ఏ విమానమూ మిమ్మల్ని తీసుకుపోదు. సైట్లు ఈ ముక్క చెప్పవు. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీద క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే పది వేల అడుగుల దగ్గరకు దిగాలి, కింద కొండలే అంతకన్నా ఎత్తు. ప్రయాణికుల ముందు వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూగా మాత్రమే వస్తుంది. కాబట్టి తప్పించుకునే దారి ముందే ఖాయం చేసుకోకుండా అటు పోరు. పైగా ఏ దేశం ఆకాశం ఎప్పుడు మూతపడుతుందో గ్లోబుకు తెలియదు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా మీదుగా అమెరికా, యూరప్ సంస్థల విమానాలు పోవడం లేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన సంస్థల విమానాలకు మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు ఆకాశం మూస్తే దోహా వైపు పోతున్నవి ఎక్కడెక్కడో దిగాయి.

అంత దూరం ఒక్క ఎగురుడులో పోగల విమానాలు లేవని కాదు. సింగపూర్–న్యూయార్క్ సర్వీసు 15,300 కిలోమీటర్ల పైమాటే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా నడిపిన మొదటి నేరు విమానం 13,993 కిలోమీటర్ల దారిని ఉత్తర ధ్రువం మీదుగా పదిహేడు గంటల చిల్లరలో దాటింది. పైలట్లందరూ మహిళలే. అలాంటివి పెద్ద నగరాల మధ్య, సీట్లు నిండే చోట నడుస్తాయి. రేణిగుంట టెర్మినల్ 2015 అక్టోబరులో తెరిచినది, గరుడ పక్షి ఆకారంలో చక్కగానే ఉంటుంది. కానీ అక్కణ్ణుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. లేని విమానానికి 18 గంటలని రాయడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది.

ఆ 18 ఎక్కణ్ణుంచి వచ్చింది? కిలోమీటర్లను గంటకు 850తో భాగిస్తే పదిహేడున్నర. ఎక్కడానికి, దిగడానికి అరగంట కలిపితే 18. ఎక్కువ సైట్లు చేసేది ఈ ఒక్క భాగహారమే. ఇది ఎంత తప్పుగా పని చేస్తుందో చిన్న దూరంలో ఇంకా బాగా తెలుస్తుంది. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు గాలిలో 418 కిలోమీటర్లు. అదే సూత్రం పెడితే గంట. కానీ ఈ దారిలో మీకు దొరికేది ఏటీఆర్ కావచ్చు. అది ఫ్యాన్ రెక్కల విమానం, పైన ఎగిరేటప్పుడు కూడా వేగం గంటకు 500 కిలోమీటర్ల దగ్గరే. జెట్ అయినా 418 కిలోమీటర్లలో పూర్తి వేగంతో పోయేది కాసేపే, మిగతాదంతా ఎక్కడం, దిగడం. అందుకే టైమ్‌టేబుల్లో గంటా పది నుంచి గంటన్నర దాకా వేస్తారు. టైమ్‌టేబుల్ సమయమంటే గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. చక్రాల కింద దిమ్మెలు తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, శంషాబాద్ మీద వరస కోసం చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే ఉంటాయి. పోల్చి చూసుకోవాలంటే, తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ పట్టాల దూరం సుమారు 660 కిలోమీటర్లు, ఎనిమిది గంటల పైచిలుకు.

గాలి సంగతి ఏ సైట్లోనూ కనపడదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి నది వీస్తుంది, చలికాలంలో ఇంకా జోరుగా. మనం పడమరకు పోతే ఎదురు, తిరిగొస్తుంటే వెనక నుంచి తోస్తుంది. దోహా నుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు పడితే, డల్లాస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర, పదిహేను. కిలోమీటర్లు మారలేదు, గంటన్నర మారింది. పోనూ రానూ ఒకే గంటలు చూపించే సైటు గాలిని లెక్కలోకి తీసుకోలేదని అక్కడే అర్థం చేసుకోండి.

ఊళ్ల పేర్ల దగ్గర ఇంకో గోతి ఉంది. చిత్తూరు అని కొడితే కొన్ని సైట్లు రాజస్థాన్ చిత్తోడ్‌గఢ్ పట్టుకుంటాయి, కొన్ని కేరళలో పాలక్కాడ్ జిల్లా చిట్టూరు పట్టుకుంటాయి. మన చిత్తూరుకూ చిత్తోడ్‌గఢ్‌కూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైనే. తిరుపతి బదులు తిరుచ్చి, తిరువనంతపురం ఎంచుకోవడం కూడా జరుగుతుంది, డ్రాప్‌డౌన్‌లో ‘తిరు’ అని కొట్టగానే అన్నీ ఒకదాని కింద ఒకటి పడతాయి కాబట్టి. పేరు కాదు, కోడ్ చూడండి. రేణిగుంటది టీఐఆర్. తిరుచ్చి టీఆర్‌జెడ్, తిరువనంతపురం టీఆర్‌వీ. డల్లాస్‌లోనూ రెండు విమానాశ్రయాలున్నాయి. మనకు కావాల్సింది డీఎఫ్‌డబ్ల్యూ. డీఏఎల్ అని వస్తే అది ఊరి మధ్యలోని లవ్‌ఫీల్డ్, దేశీయ విమానాలకు. కొలతలూ చూసుకోవాలి. 8,008 అని కనిపిస్తే అవి నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. 9,215 అని కనిపిస్తే మామూలు మైళ్లు. మూడూ ఒకే దూరం.

ఇంతకీ వాడదగ్గవి ఏవి? దూరానికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ మంచిది. రెండు ఊళ్లే కాదు, మధ్యలో ఆగే చోట్లు కూడా కోడ్‌ల మధ్య అడ్డగీతలు పెట్టి ఇస్తే ఒక్కో అంచె విడిగా, మొత్తం విడిగా చూపిస్తుంది. టీఐఆర్-హెచ్‌వైడీ-డీఓహెచ్-డీఎఫ్‌డబ్ల్యూ అని ఇచ్చి చూడండి: రేణిగుంట–హైదరాబాద్ 418, హైదరాబాద్–దోహా సుమారు 2,910, దోహా–డల్లాస్ సుమారు 12,740. మొత్తం పదహారు వేల చిల్లర. ధ్రువం మీదుగా పోయే దగ్గరి గీత కన్నా పన్నెండు వందల కిలోమీటర్లే ఎక్కువ, నూటికి ఎనిమిది వంతులు. దోహా మీదుగా పోతే చాలా చుట్టు అనుకుంటారు గానీ, గ్లోబు మీద అది పెద్ద చుట్టు కాదు. సమయానికి ఫ్లైట్‌రాడార్24లో సర్వీసు నంబరు కొట్టి గత కొన్ని రోజులు నిజంగా ఎన్ని గంటలు పట్టిందో చూడాలి. వారం రోజులు చూస్తే ఆలస్యం ఆ సర్వీసుకు అలవాటో, ఒక్కసారి జరిగిందో తెలిసిపోతుంది. మధ్యలో ఆగే గంటలతో కలిపి మొత్తం కావాలంటే గూగుల్ ఫ్లైట్స్ చాలు. ఇది చెప్పే గంటలు కూడా విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికేనని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు గుమ్మం నుంచి లెక్క కడదాం. తిరుపతి నుంచి రేణిగుంట విమానాశ్రయం 15 కిలోమీటర్లు, అరగంట. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు అక్కడుండాలి. హైదరాబాద్‌కు గంటన్నర. గల్ఫ్ వైపు విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున లేస్తాయి. మన విమానం సాయంత్రమో రాత్రి మొదట్లోనో దిగుతుంది. శంషాబాద్‌లో నాలుగైదు గంటలు గడపక తప్పదు. దోహాకు నాలుగుంబావు, అక్కడ మూడు, డల్లాస్‌కు పదహారు, దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర. కూడితే 33 గంటలు దాటుతుంది. అందులో గాలిలో ఉండేది దాదాపు 22. సైటు చెప్పిన 18కి రెట్టింపు కాస్త తక్కువ.

రేణిగుంట బదులు కారులో చెన్నై పోతే? పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా విమానాశ్రయం దాదాపు 150 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే మూడున్నర గంటలు. పూందమల్లి దగ్గర సాయంత్రం రద్దీలో ఇరుక్కుంటే నాలుగున్నర. అక్కడ మూడు గంటలు ముందు, దోహాకు నాలుగుముప్పావు, తర్వాత అంతా మామూలే. మొత్తం 32 గంటలు. గంటన్నర తగ్గింది, ఒక ఎక్కుడు దిగుడు తగ్గింది. మూడు నాలుగు పెట్టెలు, పెద్దవాళ్లు ఉంటే తిరుపతి వాళ్లకు చెన్నై రోడ్డే నయం. ఒక్కరే, ఒక్క పెట్టె అయితే సప్తగిరి ఎక్కి సెంట్రల్‌లో దిగండి. నీలం లైను మెట్రో నేరుగా విమానాశ్రయంలోకే పోతుంది. నవంబరు, డిసెంబరు తుపాను రోజుల్లో మాత్రం రోడ్డుకు రెండు గంటలు అదనంగా పెట్టుకోవాలి. ఆ రోజుల్లో రేణిగుంటలో దిగాల్సినవి కూడా దారి మళ్లుతుంటాయి కాబట్టి, అటు పోయినా నిశ్చింత లేదు.

చిత్తూరు వాళ్ల లెక్క వేరు. సైట్లు దగ్గరి విమానాశ్రయం రేణిగుంట, 66 కిలోమీటర్లని చూపిస్తాయి. అది పక్షి దూరం. రోడ్డు మీద ఎనభై దాటుతుంది, పైగా డల్లాస్‌కు రేణిగుంట సగం దారి కూడా కాదు. రాణిపేట, వాలాజా, కాంచీపురం బైపాస్, శ్రీపెరుంబుదూరు మీదుగా చెన్నై విమానాశ్రయం 155 కిలోమీటర్ల దగ్గర. బెంగళూరు విమానాశ్రయం 175, 180. బంగారుపాళెం, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి హోస్కోట దగ్గర కుడికి తిరిగి దేవనహళ్లి రోడ్డు పట్టుకుంటే ఊళ్లోకి పోనక్కర్లేదు. జూన్, జులైలో తోతాపురి కాయలు ఫ్యాక్టరీలకు పోయే రోజుల్లో బంగారుపాళెం దగ్గర ట్రాక్టర్ల వరస రోడ్డెక్కుతుంది. మొగిలి ఘాట్‌ను రాత్రి పూట తొందరగా దాటాలని చూడొద్దు. మిగతా రోజుల్లో పాతిక కిలోమీటర్లు ఎక్కువైనా బెంగళూరు దారి సాఫీగా సాగుతుంది. అక్కడ అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్ నుంచి, డ్రైవరుకు ముందే చెప్పండి. మొదటి టెర్మినల్ దగ్గర దింపితే మళ్లీ బస్సెక్కాలి.

హైదరాబాద్ దారి ఒక్క సందర్భంలో చెన్నైని మించుతుంది: రేణిగుంట నుంచి డల్లాస్ దాకా మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద దొరికినప్పుడు. అప్పుడు పెట్టెలు రేణిగుంటలో ఇస్తే చాలా వరకు డల్లాస్‌లోనే తీసుకోవచ్చు. సామాను చీటీ మీద ఆఖరి కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే వేలు పెట్టి చూసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఇంకో దాంట్లో ఎక్కించాల్సిన బాధ్యత టికెట్ ఇచ్చిన సంస్థదే. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఇవేమీ ఉండవు. శంషాబాద్‌లో పెట్టెలు తీసుకుని బయటికొచ్చి, మళ్లీ పైకెక్కి, మళ్లీ వరసలో నిలబడాలి. అన్నిటికన్నా జేబుకు తగిలేది బరువు. అమెరికా టికెట్ మీద మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు, అంటే 46 కిలోలు. విడి దేశీయ టికెట్ మీద 15. మిగతా 31 కిలోలకు కిలో చొప్పున రేణిగుంటలోనే కట్టాలి. ఆ డబ్బుతో చెన్నైకి కారు వచ్చేస్తుంది. ఏటీఆర్‌లో తల మీది అరలు చిన్నవి, చక్రాల చేతిపెట్టెను మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. మందులు, పాస్‌పోర్టు, ఐ-20 (చదువుకోబోయే వాళ్లకు అక్కడి కాలేజీ ఇచ్చే పత్రం) లాంటి కాగితాలు చిన్న సంచిలోకి ముందే మార్చుకోండి. ఆవకాయ సీసా చేతిసామానులో వద్దు, చెక్-ఇన్ పెట్టెలోనే.

ఇక తేదీలు. డల్లాస్ గడియారం మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. మనది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను పట్టుకుని ఏడాదంతా ఒకేలా ఉంటుంది. వేసవిలో సోమవారం సాయంత్రం 4కి తిరుపతి ఇంట్లోంచి బయల్దేరి ముప్పై మూడున్నర గంటలు ప్రయాణిస్తే, అక్కడ మంగళవారం మధ్యాహ్నం 3 అవుతుంది. గడియారం గంటలు తీసివేస్తే 23లాగా కనిపిస్తుంది. ‘ఒక్క రోజులో పోయాం’ అనిపించేది దీనివల్లే. తిరుగు ప్రయాణంలో అంతా తలకిందులు. శనివారం సాయంత్రం 6కి అక్కడ బయల్దేరితే, 31 గంటలకే ఇల్లు చేరినా, ఇక్కడ సోమవారం ఉదయం 11:30. ఆదివారమంతా ఆకాశంలోనే పోయింది. సెలవు లెక్కలో ఆ రోజును కూడా కలుపుకోవాలి.

బంధువులు వస్తున్నారని ఇక్కడి వాళ్లు ముందే దర్శనం టికెట్ తీసేటప్పుడు ఈ లెక్కే పనికొస్తుంది. సోమవారం పదకొండున్నరకు ఇల్లు చేరతారంటే అది ఏ అంచెలోనూ ఆలస్యం లేకపోతే. రేణిగుంట నుంచి కొండ మీదకు నలభై కిలోమీటర్ల దగ్గర, అలిపిరి తనిఖీలో పెట్టెలతో సహా నిలబడాలి. పైగా వాళ్ల ఒంటికి అప్పుడు అర్ధరాత్రి ఒంటిగంట. మూడొందల టికెట్ స్లాట్ మంగళవారం మధ్యాహ్నం తర్వాత తీసుకోండి, పెద్దవాళ్లు ఉంటే బుధవారం.